ఫ్రాంక్లిన్ నల్ల చుక్కలు, డగ్లస్ రొట్టె ముక్కలు



మీలో చాలామంది ఫోన్లలో అలవాట్లు లెక్కపెట్టే యాప్ ఒకటి ఉండే ఉంటుంది. పొద్దున ఎన్నింటికి లేచాం, నీళ్ళు ఎన్ని తాగాం, ఎంతసేపు చదివాం, ఎక్సర్‌సైజ్ చేశామా లేదా... ఒక్కోదానికి ఒక్కో గడి. చేస్తే టిక్కు, చేయకపోతే ఖాళీ. 20 రోజులు వరసగా చేసి, 21వ రోజు జ్వరంతో పడుకుంటే స్ట్రీక్ మొత్తం సున్నాకి వచ్చేస్తుంది. ఆ సున్నా చూడగానే జ్వరం సంగతి మర్చిపోతాం. "ఛ, నా వల్ల కాదు, నేనింతే" అనుకుంటాం.

ఈ గడుల పద్ధతి ఫోన్లతో పాటు పుట్టిందేమీ కాదండీ. దాదాపు 290 ఏళ్ళ కిందట ఫిలడెల్ఫియా అనే ఊళ్ళో పాతికేళ్ళ ప్రింటర్ ఒకాయన చిన్న నోటుబుక్కులో ఎర్ర సిరాతో గీతలు గీసి, ఇలాంటి గడులే తయారు చేసుకున్నాడు. పేరు బెంజమిన్ ఫ్రాంక్లిన్. 100 డాలర్ల నోటు మీద కనిపించే పెద్దాయన ఆయనే. ఆ గడుల కథ మొత్తం తన ఆత్మకథలో రాశాడు. ఇవాళ మార్కెట్లో ఉన్న సెల్ఫ్ ఇంప్రూవ్‌మెంట్ పుస్తకాలకీ వీడియోలకీ ఆ ఆత్మకథని తాతగారు అనుకోవచ్చు.

ఇవాళ నేను రెండు పుస్తకాల గురించి మాట్లాడతాను. ఒకటి ఫ్రాంక్లిన్ ఆత్మకథ. రెండోది 1845లో ఫ్రెడరిక్ డగ్లస్ రాసిన తన జీవిత కథ. ఇద్దరూ పెద్దగా బడికి వెళ్ళనివాళ్ళే. ఇద్దరూ తమని తాము తయారు చేసుకున్నవాళ్ళే. ఇంకో పోలిక ఏంటంటే ఇద్దరూ పారిపోయినవాళ్ళే. నేనేం చెప్పబోతున్నానో ముందే చెప్పేస్తా. ఫ్రాంక్లిన్ పేరు చెప్పి మనకి అమ్ముతున్న సరుకు కన్నా ఆయన రాసిన అసలు పుస్తకం చాలా నిజాయితీగా ఉంటుంది. అయితే ఆ పుస్తకం ఒక ప్రశ్నని ముట్టుకోకుండా వెళ్ళిపోతుంది. దానికోసం డగ్లస్ దగ్గరికి వెళ్ళాలి.

సరే, మొదలుపెడదాం.

ఫ్రాంక్లిన్ 1706లో బోస్టన్‌లో పుట్టాడు. అప్పటికి అమెరికా అనే దేశం లేదు, అవన్నీ ఇంగ్లండ్ వలస ప్రాంతాలు. తండ్రి కొవ్వొత్తులు, సబ్బులు తయారు చేసి అమ్మేవాడు. ఆయనకి రెండు పెళ్ళిళ్ళ మీద మొత్తం 17 మంది పిల్లలు. బెంజమిన్ 15వ వాడు, మగపిల్లల్లో ఆఖరివాడు. బడి చదువు రెండేళ్ళే. పదేళ్ళకే నాన్న దుకాణంలో ఒత్తులు కత్తిరించే పని. ఆ పని వాడికి అస్సలు నచ్చలేదు. పుస్తకాల పిచ్చి చూసి నాన్న, 12 ఏళ్ళప్పుడు అన్న జేమ్స్ ప్రింటింగ్ ప్రెస్‌లో పనికి పెట్టాడు. పనికి పెట్టడమంటే మనం అనుకునేలా కాదు. బాండ్ రాయించి, 21 ఏళ్ళు వచ్చేదాకా అన్న దగ్గర కట్టుబడి ఉండాలని సంతకం పెట్టించారు. పని నేర్పుతాడు, తిండి పెడతాడు. కొడతాడు కూడా. ఈ అన్న బాగానే కొట్టేవాడట.

ఇప్పుడు నాకు ఈ పుస్తకంలో అన్నిటికంటే ఇష్టమైన చోటుకి వస్తున్నా. అందరూ ఆ 13 గుణాల చార్టు గురించే చెప్తారు గానీ, నా దృష్టిలో అసలు సరుకు ఇక్కడుంది.

కుర్రాడు ఒక స్నేహితుడితో ఉత్తరాల్లో వాదన పెట్టుకున్నాడు, ఆడపిల్లలకి చదువు చెప్పాలా వద్దా అని. ఆ ఉత్తరాలు నాన్న కంటపడ్డాయి. ఆయన ఎవరిది రైటు అనేది వదిలేసి, "నీ స్పెల్లింగ్ బాగుంది, కామాలూ ఫుల్‌స్టాపులూ బాగున్నాయి, కానీ మాట తీరులో, స్పష్టతలో అవతలివాడు నీకంటే ముందున్నాడు" అనే అర్థం వచ్చేలా ఉదాహరణలతో సహా చూపించాడు. దీనికి వాడు అలగలేదు. లండన్‌లో అచ్చయ్యే 'స్పెక్టేటర్' అనే పత్రిక సంపుటం ఒకటి దొరికితే కొనుక్కున్నాడు. అందులో వ్యాసం ఒకటి చదివేవాడు. ప్రతి వాక్యంలోనూ ఏముందో రెండు మూడు మాటల్లో గుర్తు రాసుకునేవాడు. పుస్తకం మూసి కొన్ని రోజులు పక్కన పడేసేవాడు. తర్వాత ఆ గుర్తుల్ని బట్టి మొత్తం వ్యాసాన్ని తన మాటల్లో మళ్ళీ రాసేవాడు. అప్పుడు అసలుతో పోల్చి, తను ఎక్కడ తేలిపోయాడో చూసుకుని దిద్దుకునేవాడు.

అంతటితో ఆగలేదు. మాటలు చాలడం లేదనిపించి, ఆ వ్యాసాల్ని పద్యాలుగా మార్చాడు. పద్యంలో పాదం కుదరాలి, ప్రాస కలవాలి కాబట్టి ఒకే అర్థానికి నాలుగు మాటలు వెతుక్కోవాల్సి వస్తుంది. కొన్నాళ్ళు పోయాక ఆ పద్యాల్ని మళ్ళీ వచనంలోకి తెచ్చాడు. ఇంకోసారి గుర్తులు రాసుకున్న చీటీల్ని కావాలనే కలగాపులగం చేసేసి, కొన్ని వారాల తర్వాత వాటిని సరైన వరసలో పేర్చడం ప్రాక్టీస్ చేశాడు. ఆలోచనల్ని ఒక క్రమంలో పెట్టడం అలా నేర్చుకున్నాడు. టైం ఎప్పుడంటారా? రాత్రి పని అయ్యాక, తెల్లవారి పని మొదలవ్వక ముందు, ఇంకా ఆదివారాలు చర్చి ఎగ్గొట్టి.

ఎవరైనా ఇంగ్లీషు గానీ తెలుగు గానీ బాగా రాయడం ఎలా అని నన్ను అడిగితే నేను ఇదే చెప్తాను. డబ్బు ఖర్చులేని పద్ధతి, పనిచేసే పద్ధతి. గమనించండి, ఇందులో స్ట్రీక్ లేదు, టిక్కు లేదు. పక్కన తనకంటే మెరుగైన రాత ఒకటి, తన రాత ఒకటి. మధ్యలో తేడా. ఆ తేడాలోనే తను ఎవరో తెలుస్తోంది.

16 ఏళ్ళకి దాని ఫలితం కనిపించింది. అన్న జేమ్స్ అప్పటికే ఒక వార్తాపత్రిక నడుపుతున్నాడు. తమ్ముడు రాశాడంటే వేసుకోడని తెలుసు. అందుకని సైలెన్స్ డూగుడ్ అనే పేరుతో, ఒక వితంతువు రాస్తున్నట్టుగా ఉత్తరం రాసి, చేతిరాత మార్చి, రాత్రి పూట ప్రెస్ తలుపు కింద నుంచి లోపలికి తోసేశాడు. పొద్దున అన్నా, అన్న ఫ్రెండ్సూ అది చదివి "అబ్బా, ఎవరో గానీ భలే రాశారు" అంటుంటే, ఈ కుర్రాడు పక్కన అచ్చు అక్షరాలు పేరుస్తూ వింటున్నాడు. ఆ సంతోషం ఊహించుకోండి! 1722లో అలా 14 ఉత్తరాలు అచ్చయ్యాయి.

ఇక పారిపోవడం. జేమ్స్ పత్రికలో ప్రభుత్వాన్ని విమర్శించినందుకు ఆయన్ని జైల్లో పెట్టి, తర్వాత ఆ పత్రిక నడపకూడదని ఆజ్ఞ వేశారు. దాంతో పత్రికని తమ్ముడి పేరు మీదకి మార్చారు. అప్రెంటిస్ పేరు మీద పత్రిక ఉండకూడదు కదా, అందుకని పాత బాండ్ రద్దయినట్టు రాసి, చాటుగా కొత్త బాండ్ రాసుకున్నారు. గొడవలు ముదిరాక 17 ఏళ్ళ బెంజమిన్‌కి ఒక సంగతి వెలిగింది: అన్న ఆ చాటు బాండ్‌ని బయటపెట్టలేడు. పెడితే తనే ఇరుక్కుంటాడు. ఇంకేముంది, కొన్ని పుస్తకాలు అమ్మేసి ఓడ ఎక్కేశాడు. ఓడ కెప్టెన్‌కి స్నేహితుడు చెప్పిన కథ ఏంటో తెలుసా? "మావాడు ఒక అమ్మాయిని ఇబ్బందిలో పడేశాడు, వాళ్ళవాళ్ళు పెళ్ళి చేసుకోమని వెంటపడుతున్నారు, అందుకే గప్‌చుప్‌గా వెళ్ళాలి" అని! 1723 అక్టోబరులో ఫిలడెల్ఫియాలో దిగి, మూడు పెద్ద బన్నులు కొనుక్కుని, రెండు చంకల్లో రెండు పెట్టుకుని మూడోది తింటూ వీధిలో నడిచాడు. గుమ్మంలో నిలబడి ఆ వాలకం చూసిన అమ్మాయి డెబోరా, తర్వాత ఆయన భార్య అయింది.

ఇక్కడ ఒక మాట. అన్న పరిస్థితిని వాడుకుని అలా వెళ్ళిపోవడం న్యాయం కాదని ముసలితనంలో ఆయనే రాశాడు. దానికి వాడిన మాట 'ఎరాటా'. అంటే పుస్తకం చివర వేసే తప్పొప్పుల పట్టిక. ప్రింటర్ కదా, తన జీవితంలోని తప్పుల్ని పాపాలు అనలేదు, అచ్చుతప్పులు అన్నాడు. పాపమైతే దేవుడు క్షమించాలి. అచ్చుతప్పయితే తర్వాతి ముద్రణలో మనమే దిద్దుకోవచ్చు. అమెరికన్ సాహిత్యంలో పెద్ద మలుపు ఈ ఒక్క మాటలో ఉందని నాకనిపిస్తుంది. ఎందుకంటే అదే కాలంలో, 1722-23 మధ్య, జొనాథన్ ఎడ్వర్డ్స్ అనే ఇంకో కుర్రాడు తనకోసం 70 తీర్మానాలు రాసుకున్నాడు. ఫ్రాంక్లిన్ కంటే మూడేళ్ళు పెద్ద, తర్వాత గొప్ప మతబోధకుడు అయ్యాడు. వారానికి ఒకసారి ఆ తీర్మానాలన్నీ చదువుకోవాలని నియమం. ఆయన మొదటి మాటే దేవుడి సాయం లేకుండా నేనేమీ చేయలేను అని. ప్యూరిటన్లు డైరీల్లో తమ మనసుని తవ్వి చూసుకునేది అందుకే, లోపల దేవుడి దయ ఉందా లేదా అని. ఫ్రాంక్లిన్ అదే డైరీ అలవాటుని తీసుకుని, లెక్కల పుస్తకంగా మార్చేశాడు.

అన్నట్టు, అన్న విషయంలో అచ్చుతప్పు నిజంగానే దిద్దుకున్నాడు. జేమ్స్ చనిపోయాక ఆయన కొడుకుని తెచ్చుకుని, బడికి పంపి, ప్రింటింగ్ పని నేర్పించాడు.

ఇప్పుడు ఆ చార్టు. ఆత్మకథలో ఈ భాగం 1784లో రాశాడు, అప్పటికి 78 ఏళ్ళు, ఫ్రాన్స్‌లో ఉన్నాడు. పాతికేళ్ళప్పటి సంగతి గుర్తు చేసుకుంటూ రాస్తున్నాడన్నమాట. తప్పనేదే చేయకుండా బతకాలని నిర్ణయించుకున్నాడట. అప్పుడు పెట్టుకున్న 13 గుణాలు ఇవి: తిండీ తాగుడూ మితంగా, అవసరమైతేనే మాట, వస్తువులకీ పనులకీ ఒక పద్ధతి, పట్టుదల, పొదుపు, శ్రమ, కల్లాకపటం లేకపోవడం, న్యాయం, అతి చేయకపోవడం, శుభ్రత, ప్రశాంతత, నిగ్రహం, వినయం. ఒక్కో గుణానికి ఒక పేజీ. అడ్డంగా వారంలో ఏడు రోజులు, నిలువుగా 13 గుణాలు. తప్పు చేసిన రోజు ఆ గడిలో నల్ల చుక్క. అన్నీ ఒకేసారి పట్టుకోలేదు. వారానికి ఒక గుణం మీద దృష్టి. 13 వారాలకి ఒక చుట్టు, ఏడాదికి నాలుగు చుట్లు. 13 నాలుగులు 52, లెక్క సరిగ్గా సరిపోయింది చూడండి. ప్రింటర్ బుర్ర!

మన యాప్‌కీ దీనికీ ఒక తేడా ఉంది. యాప్ మనం చేసిన మంచికి మార్కు వేస్తుంది. ఆయన తప్పుకి చుక్క పెట్టాడు. మంచి పేజీ అంటే ఖాళీ పేజీ. మొదలుపెట్టగానే ఆయనకి తెలిసొచ్చింది ఏంటంటే, తను ఊహించిన దానికంటే తనలో తప్పులు చాలా ఎక్కువున్నాయని. పాత చుక్కలు గీకేసి కొత్తవి పెట్టీ పెట్టీ కాగితం చిల్లులు పడిపోయింది. అప్పుడు దంతపు రేకులున్న నోటుబుక్కు తీసుకుని, పెన్సిల్‌తో చుక్కలు పెట్టి తడి స్పాంజితో తుడిచేసేవాడు. డిలీట్ బటన్‌కి తాత!

ఇంకో విషయం. అదే చోట ఆయన రోజువారీ టైంటేబుల్ కూడా ఉంది. పొద్దున ఐదింటికి లేవడం. ఇది మాత్రం మనవాళ్ళు భలే పట్టుకున్నారు. కానీ అదే టైంటేబుల్‌లో రాత్రి పదింటికి నిద్ర, అంటే ఏడు గంటలు పడక. మధ్యాహ్నం 12 నుంచి రెండు దాకా భోజనం, చదువు. సాయంత్రం ఆరు దాటితే పని బంద్, సంగీతమో కబుర్లో. రెండు గంటల లంచ్ గురించి ఏ మోటివేషన్ వీడియోలోనూ చెప్పరెందుకో!

మరి చార్టు పనిచేసిందా? ఆయనే చెప్తున్నాడు, 'పద్ధతి' అనే గుణం దగ్గర ఓడిపోయానని. కాగితాలు ఎక్కడివక్కడ పెట్టడం, పనులు టైంకి చేయడం చివరిదాకా రాలేదట. అక్కడ ఒక పిట్టకథ చెప్తాడు. ఒకాయన గొడ్డలి కొనుక్కుని, అంచు ఒక్కటే మెరుస్తోంది, మొత్తం గొడ్డలి అలాగే మెరవాలన్నాడట. కమ్మరి సరే, నువ్వు సానరాయి చక్రం తిప్పు, నేను పట్టుకుంటానన్నాడు. కమ్మరేమో గొడ్డలిని గట్టిగా అదిమి పట్టుకున్నాడు, ఈయనకి చక్రం తిప్పీ తిప్పీ చేతులు పడిపోతున్నాయి. మధ్య మధ్యలో వచ్చి చూస్తున్నాడు, ఇంకా మచ్చలున్నాయి. చివరికి ఇక చాలు, ఇలాగే ఇచ్చెయ్యమన్నాడు. కమ్మరేమో తిప్పవయ్యా, మొత్తం మెరుస్తుంది అన్నాడు. దానికి ఈయన, నాకెందుకో మచ్చల గొడ్డలే బాగుందనిపిస్తోంది అన్నాడట. ఈ కథ చెప్పి ఫ్రాంక్లిన్ చాలామంది చేసేది ఇదే అని ఒక దెబ్బ వేస్తాడు. వెంటనే తనకీ అలాగే అనిపించిందని ఒప్పుకుంటాడు. అందులో కూడా రెండు పొరలు చూడండి. మచ్చల గొడ్డలిని ఇష్టపడటం చేతకానితనమా, తెలివా? ఆయన తేల్చి చెప్పడు. తప్పు లేని మనిషిని చూస్తే స్నేహితులకి ఇబ్బందిగా ఉంటుంది, నాలుగు లోపాలు ఉంచుకోవడమే మంచిదని ఇంకో సాకు కూడా కలుపుతాడు. చదువుతుంటే నవ్వొస్తుంది.

వినయం సంగతి ఇంకా బాగుంటుంది. మొదట లిస్టులో 12 గుణాలే. క్వేకర్ మతానికి చెందిన స్నేహితుడు ఒకాయన వచ్చి, "నీకు గర్వం ఎక్కువని ఊళ్ళో అనుకుంటున్నారు" అని ఉదాహరణలతో సహా చెప్పాడు. అప్పుడు 13వది కలిపాడు. దానికి ఆచరణ ఏంటంటే మాట మార్చుకోవడం. 'ఖచ్చితంగా', 'నిస్సందేహంగా' లాంటి మాటలు వాడటం మానేసి, 'నాకలా అనిపిస్తోంది', 'ప్రస్తుతానికి నేననుకునేది' అనడం మొదలుపెట్టాడు. కామెంట్ సెక్షన్లలో వాదించుకునేవాళ్ళు ఒక వారం దీన్ని ట్రై చేయొచ్చు. చివర్లో మాత్రం నిజం చెప్పేశాడు: వినయంగా కనిపించడం వచ్చింది గానీ వినయం రాలేదు. ఒకవేళ వచ్చినా, వచ్చిందని గర్వపడేవాడినేమో అని.

చార్టుని బయటికి లాగి, గొడ్డలి కథనీ గర్వం కథనీ వదిలేస్తే మిగిలేది ఇప్పుడు మనకి అమ్ముతున్న సెల్ఫ్ హెల్ప్. 1923లో ఇంగ్లీషు రచయిత డి. హెచ్. లారెన్స్ కూడా ఈ చార్టు పట్టుకునే ఫ్రాంక్లిన్‌ని చీల్చి చెండాడాడు, మనిషి ఆత్మకి కంచె వేశాడని. లారెన్స్ కోపం నాకు అర్థమవుతుంది. కానీ ఆయన ఆ జోకుల్ని సరిగ్గా చదివాడా అనిపిస్తుంది.

సరే, ఇప్పటిదాకా మెచ్చుకున్నాం. ఇందాక నేను ఒక ప్రశ్న అన్నాను కదా. ఈ గడుల పుస్తకం ఉండాలంటే ముందు మన రోజు మన చేతిలో ఉండాలి. పొద్దున ఐదింటికి లేచి ఈ రోజు ఏం మంచి పని చేయాలి అని అనుకోవాలంటే, ఆ రోజు ఇంకెవరిదో కాకూడదు. మరి రోజు తన చేతిలో లేనివాళ్ళ సంగతేంటి?

దూరం వెళ్ళక్కర్లేదు, ఆయన సొంత చెల్లెలు ఉంది. జేన్. 17 మందిలో ఆఖరిది, బెంజమిన్ కంటే ఆరేళ్ళు చిన్న. అదే ఇల్లు, అదే తల్లిదండ్రులు. ఆ కాలంలో బోస్టన్‌లో ఆడపిల్లలకి చదవడం నేర్పడమే ఎక్కువ, రాయడం దాకా చాలామందిని రానిచ్చేవాళ్ళు కాదు. 15 ఏళ్ళకే పెళ్ళి చేశారు. 12 మంది పిల్లలు పుట్టారు. 11 మంది ఆమె కళ్ళముందే పోయారు. ఆమె కూడా ఒక పుస్తకం రాసుకుంది. కొన్ని కాగితాలు కలిపి కుట్టుకున్న చిన్న పుస్తకం, పేరు 'వయసుల పుస్తకం'. అందులో ఫలానా రోజు పుట్టాడు, ఫలానా రోజు పోయాడు, అంతే. అన్న పుస్తకంలో చుక్కలు, చెల్లెలి పుస్తకంలో తేదీలు.

అన్నాచెల్లెళ్ళు 60 ఏళ్ళకి పైగా ఉత్తరాలు రాసుకున్నారు. స్పెల్లింగ్ తప్పులున్నాయని ఆమె సిగ్గుపడితే, ఆయన నవ్వించి సర్దిచెప్పేవాడు. అందుబాటులో ఉన్న పుస్తకాలు ఆమె చదివింది. 1786లో, 74 ఏళ్ళ వయసులో, రిచర్డ్ ప్రైస్ అనే రచయితని చదివి అన్నకి ఒక ఉత్తరం రాసింది. ఆయన చెప్పిన మాట ఆమెని పట్టుకుంది: వేలమంది న్యూటన్‌లు సరైన చోట పడకపోవడం వల్లే చదువూ సంధ్యా లేకుండా పేదరికంలో పుట్టి పోయి ఉంటారని. తన గురించి అని ఆమె ఎక్కడా అనలేదు. అనాల్సిన అవసరం ఉందంటారా?

ఇంకో సంగతి ఇంతకంటే బరువైనది. అన్న దగ్గర్నుంచి పారిపోయి వచ్చిన ఈ కుర్రాడు, 1729 నుంచి ఫిలడెల్ఫియాలో సొంతంగా 'పెన్సిల్వేనియా గెజెట్' అనే పత్రిక నడిపాడు. ఆ పత్రికలో బానిసల అమ్మకం ప్రకటనలు అచ్చయ్యేవి. పారిపోయిన బానిసల్నీ పనివాళ్ళనీ పట్టిస్తే బహుమానం ఇస్తామనే ప్రకటనలూ అచ్చయ్యేవి. ఆయన ఇంట్లోనూ బానిసలు ఉండేవాళ్ళు. చివరికి మారాడు. 1787లో బానిసత్వ నిర్మూలన సంఘానికి అధ్యక్షుడయ్యాడు, చనిపోవడానికి రెండు నెలల ముందు, 1790 ఫిబ్రవరిలో, ఆ సంఘం తరఫున అమెరికా కాంగ్రెస్‌కి పంపిన వినతిపత్రం మీద సంతకం పెట్టాడు. కానీ 13 గుణాల్లో 'న్యాయం' అనే గడి ఉన్నన్నాళ్ళూ, ఈ విషయానికి అందులో చుక్క పడిందని ఆత్మకథలో ఎక్కడా కనిపించదు. గడులు గీసుకున్నది మనమే అయితే, ఏది తప్పో కూడా మనమే అనుకుంటాం. చార్టుకి ఉన్న అసలు గుడ్డితనం ఇదే అంటాను నేను.

ఇప్పుడు పారిపోయిన రెండో మనిషి దగ్గరికి వెళ్దాం.

ఫ్రెడరిక్ డగ్లస్ మేరీలాండ్‌లో 1818 ప్రాంతంలో బానిసగా పుట్టాడు. 'ప్రాంతంలో' అని ఎందుకంటున్నానంటే పుట్టినరోజు ఆయనకే తెలియదు. పుస్తకం మొదలుపెట్టడమే దానితో మొదలుపెడతాడు. తెల్లపిల్లలకి వాళ్ళ వయసు తెలుసు, నాకెందుకు తెలియకూడదు అని చిన్నప్పుడే బాధపడ్డాడు. ఫ్రాంక్లిన్ తన పుస్తకంలో తాతముత్తాతల ఊరు దాకా వెళ్ళి వివరాలు తవ్వుకుని వచ్చాడు. డగ్లస్‌కి సొంత తేదీ కూడా లేదు. నేనెవరు అనే ప్రశ్న ఇద్దరికీ ఒకటే అయినా, నిలబడ్డ చోటు ఎంత వేరో చూడండి.

ఎనిమిదేళ్ళ వయసులో బాల్టిమోర్ నగరంలో ఆల్డ్ అనే కుటుంబం దగ్గరికి పంపారు. ఇంటావిడ సోఫియా మంచిది. అక్షరాలు నేర్పింది, మూడు నాలుగు అక్షరాల మాటలు కూడా నేర్పుతోంది. భర్త హ్యూ చూశాడు. ఆపమన్నాడు. చదువు నేర్పితే వీడు ఇక బానిసగా పనికిరాడు, చట్టం ఒప్పుకోదు, వాడికీ మంచిది కాదు అని పిల్లాడి ముందే చెప్పాడు. ఆ పిల్లాడికి జీవితంలో మొదటి గురువు ఆ తిట్టే. వీళ్ళు దేనికి ఇంత భయపడుతున్నారో అదే తనకి దారి అని అర్థమైపోయింది. చదవడం నేర్చుకున్నందుకు యజమాని వ్యతిరేకతకీ, ఇంటావిడ దయకీ దాదాపు సమానంగా రుణపడ్డానని తర్వాత రాశాడు.

ఎలా నేర్చుకున్నాడు? బజారు పనికి పంపినప్పుడు జేబులో పుస్తకం, చేతిలో రొట్టె. ఆ ఇంట్లో రొట్టెకి కొదవలేదు. వీధిలో పేద తెల్లపిల్లలు ఆకలితో ఉండేవాళ్ళు. వాళ్ళకి రొట్టె ముక్క, తనకి ఒక పాఠం. ఆ పిల్లల పేర్లు రాయాలని ఉంది గానీ రాయనంటాడు, బానిసకి చదువు చెప్పారని తెలిస్తే వాళ్ళకి ఇబ్బంది కాబట్టి. రాయడం ఇంకా చిత్రంగా నేర్చుకున్నాడు. ఓడలు కట్టే చోట వడ్రంగులు ఒక్కో చెక్క మీద అది ఓడలో ఏ వైపుకి వెళ్ళాలో ఒకటి రెండు అక్షరాలు రాసేవాళ్ళు. అవి చూసి నాలుగు అక్షరాలు వచ్చాయి. తర్వాత వీధిలో రాయడం వచ్చిన పిల్లాడెవడైనా కనిపిస్తే "నీ అంత బాగా నేనూ రాస్తా" అనేవాడు. "ఏదీ, రాయి చూద్దాం" అనేవాడు వాడు. తనకొచ్చిన అక్షరాలు రాసి, "ఇప్పుడు నన్ను ఓడించు" అనేవాడు. వాడు రాసిన కొత్త అక్షరాలు నేర్చేసుకునేవాడు! గోడలు, కంచెలు, పేవ్‌మెంట్లు పలక. సుద్దముక్క కలం. ఆ ఇంటి చిన్నబాబు బడిలో రాసి పడేసిన కాపీ పుస్తకాల్లో, లైన్ల మధ్య ఖాళీల్లో, ఇంట్లో ఎవరూ లేనప్పుడు దిద్దుకున్నాడు.

12 ఏళ్ళప్పుడు 'కొలంబియన్ ఆరేటర్' అనే పుస్తకం చేతికొచ్చింది, స్కూలు పిల్లలు ఉపన్యాసాలు నేర్చుకునే పుస్తకం. అందులో పారిపోయి దొరికిపోయిన బానిసకీ యజమానికీ మధ్య సంభాషణ ఒకటుంది. బానిస వాదనలో గెలిచి విడుదలవుతాడు. డగ్లస్ దాన్ని మళ్ళీ మళ్ళీ చదివాడు. తన మనసులో మాటలు లేక చచ్చిపోతున్న ఆలోచనలకి మాటలు దొరికాయి.

ఇక్కడ కథ మనం అనుకున్నట్టు సాగదు. చదువు వచ్చింది, జీవితం బాగుపడింది అని ఆయన రాయలేదు. చదువు వచ్చాక నరకం మొదలైందని రాశాడు. తన స్థితి ఏంటో పూర్తిగా కనిపించింది, బయటపడే దారి మాత్రం కనిపించలేదు. చదువురాని తోటి బానిసల్ని చూసి అసూయపడ్డాడు. ఈ ఆలోచించడం అనేది ఆగిపోతే చాలనుకున్నాడు. తనని తాను తెలుసుకోవడం గురించి ఇంత నిజం చెప్పిన పుస్తకాలు నేను ఎక్కువ చదవలేదు. మనలో కూడా కొందరికి ఇది తెలుసు. ఇంట్లో మొదటిసారి కాలేజీ గడప తొక్కినవాళ్ళని అడగండి. చదువు వల్ల ముందు వచ్చేది ఉద్యోగం కాదు, ఇదివరకు మామూలుగా కనిపించినవి మామూలుగా కనిపించకపోవడం.

1838 సెప్టెంబరులో, 20 ఏళ్ళ వయసులో డగ్లస్ పారిపోయాడు. ఫ్రాంక్లిన్ తన పారిపోవడాన్ని ఓడ కెప్టెన్‌కి చెప్పిన అబద్ధంతో సహా సరదాగా చెప్పాడు కదా. 1845 పుస్తకంలో డగ్లస్ ఎలా పారిపోయాడో ఒక్క ముక్క చెప్పడు. చెప్తే ఆ దారిలో రావాల్సిన మిగతావాళ్ళకి తలుపు మూసుకుపోతుంది. ఆత్మకథలో అతి పెద్ద సంఘటనని ఇతరుల కోసం ఖాళీగా వదిలేశాడు. పుస్తకం వచ్చాక ఊరూ పేరూ బయటపడి, పట్టుకుపోతారనే భయంతో ఇంగ్లండ్ వెళ్ళాల్సి వచ్చింది. అక్కడి స్నేహితులు 150 పౌండ్లు పోగుచేసి, 1846లో ఆయన్ని యజమాని దగ్గర కొని విడుదల చేయించారు. అప్పటికి దేశమంతా పేరున్న రచయిత, వక్త. కాగితాల మీద మాత్రం ఇంకొకరి ఆస్తి. ఎన్ని గుణాలు అలవర్చుకున్నా చట్టం దృష్టిలో ఆ గుణాలన్నీ కూడా యజమానివే!

తర్వాతి రోజుల్లో, 1859 నుంచి చాలా ఏళ్ళపాటు, డగ్లస్ ఎన్నో ఊళ్ళలో ఇచ్చిన ఒక ఉపన్యాసం ఉంది. దాని పేరు 'సెల్ఫ్ మేడ్ మెన్', తమని తాము తయారు చేసుకున్నవాళ్ళు. ఆ పేరుకి ఆయనకంటే తగినవాడు ఎవరు? కానీ మొదట్లోనే చెప్పేస్తాడు, ఖచ్చితంగా మాట్లాడితే అలాంటి మనిషి అసలు ఉండడని. ముందు తరాలవాళ్ళ దగ్గరో, పక్కవాళ్ళ దగ్గరో అప్పు తీసుకోని మనిషి లేడంటాడు. ఆ తర్వాత శ్రమ గురించి ఫ్రాంక్లిన్ మెచ్చుకునేంత గట్టిగా మాట్లాడతాడు: పని, పని, పని అని. ఇంకోపక్క, నల్లవాళ్ళని వాళ్ళ మానాన వదిలేయండి అనేవాళ్ళకి, ముందు న్యాయమైన అవకాశం ఇచ్చి అప్పుడు వదిలేయండి అని జవాబిస్తాడు. కష్టపడు అనే మాటనీ, దారి ఇవ్వు అనే మాటనీ ఒకే నోటితో అన్నాడు. ఈ రెండిట్లో ఒకటే అనేవాళ్ళు మనకి ఎప్పుడూ దొరుకుతారు.

ఎమర్సన్, థోరో గురించి ఎందుకు చెప్పలేదని అడుగుతారేమో. వాళ్ళది వేరే దారి, విడిగా ఒక ఎపిసోడ్ కావాలి, చేద్దాం.

చదవాలనుకునేవాళ్ళకి రెండు ముక్కలు. ఈ రెండు పుస్తకాలకీ కాపీరైట్ గడువు ఎప్పుడో అయిపోయింది. ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్ సైట్‌లో ఫ్రీగా ఉన్నాయి, ఫోన్‌లోనే చదువుకోవచ్చు. ఫ్రాంక్లిన్ పుస్తకం మొదటి భాగం పరుగులు పెడుతుంది, చార్టు రెండో భాగంలో ఉంటుంది. ఆ తర్వాత కోటలు కట్టడం, సభల తగాదాలు వస్తాయి, విసుగొస్తే అక్కడ ఆపేయండి, పాపం లేదు. డగ్లస్ పుస్తకం చిన్నది, 11 అధ్యాయాలే. నేను చెప్పిన చదువు కథంతా ఆరు, ఏడు అధ్యాయాల్లో ఉంటుంది. ముందు అవి రెండూ చదవండి. వాక్యాలు పాతకాలపు ఇంగ్లీషులో కాస్త పొడుగ్గా ఉంటాయి, పైకి చదివితే తేలిగ్గా పట్టుబడతాయి. ఓపిక ఉంటే ఒక పేరా చదివి, పుస్తకం మూసేసి, మీ తెలుగులో రాసి చూడండి, ఆ ప్రెస్ కుర్రాడు చేసినట్టు. ఉంటాను.